ఆఫీసు మాటల్లో 'వీ' అంటే మనమా, మేమా?

నాలుగు రోజులుగా మన గుంపులో ఆఫీసు మాటలకు సరదా నిర్వచనాలు వస్తున్నాయి. అన్నీ చదివాను. కొన్నిటిని ఇంట్లోవాళ్లకు కూడా చదివి వినిపించాను. 'బ్యాండ్‌విడ్త్ లేదు: ఈ పని చేయడం నాకిష్టం లేదు, ఆ మాట పైకి అనడం ఇంకా ఇష్టం లేదు.' 'ఆఫ్‌లైన్‌లో మాట్లాడదాం: ఇక మాట్లాడం.' 'క్విక్ కాల్: గంటన్నర.' 'సినర్జీ: ఇద్దరి పని, ఒకరి జీతం.' 'ఓనర్‌షిప్ తీసుకో: తప్పు జరిగితే నీ పేరు, బాగా జరిగితే నా పేరు.' ఈ చివరిది రాసినవారికి నమస్కారం.

ఇవి ఎందుకింత నవ్విస్తున్నాయా అని ఆలోచించాను. 'సినర్జీ' అన్నప్పుడు పని ఎవరు చేస్తారో కనపడదు. 'ఓనర్‌షిప్' అన్నప్పుడు ఎవరు ఎవరికి అంటగడుతున్నారో కనపడదు. ప్రతి మాట వెనకా ఒక మనిషి దాక్కుని ఉన్నాడు. మంచి నిర్వచనం ఆ మనిషిని చెయ్యి పట్టుకుని ముందుకు తెస్తుంది. అలా చూస్తే, అందరికంటే ఎక్కువమందిని దాచిన మాట మన జాబితాలోకి ఇంకా రాలేదు. అది బజ్‌వర్డ్‌లా కనపడదు కాబట్టి ఎవరికీ తట్టి ఉండదు. ఒక్క అక్షరం: ఇంగ్లీషు 'వీ' (we).

నేను పదిహేనేళ్లుగా హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. మీటింగుల్లో ఈ 'వీ' ఎన్నిసార్లు వింటానో లెక్కలేదు. 'వీ నీడ్ టు ఫిక్స్ దిస్ బై మండే' అంటారు. ఫిక్స్ చేసేది ఇద్దరు కుర్రాళ్లు. 'వీ డెలివర్డ్' అంటారు. ఆ ఇద్దరి పేర్లూ ఆ రోజు ఎవరి నోటా రావు. ఇంగ్లీషులో ఆ మాటకు గోడలు లేవు. ఎవరు లోపల, ఎవరు బయట అన్నది చెప్పేవాడి ఇష్టం.

తెలుగులో ఆ గోడ ఉంది. 'మేము' అంటే వింటున్న నువ్వు అందులో లేవు. 'మనం' అంటే నువ్వూ ఉన్నావు. మూడేళ్ల పిల్లలు కూడా ఈ తేడాలో పొరపడరు. 'మేం సినిమాకి వెళ్తున్నాం' అనగానే పక్కింటి పిల్లవాడి మొహం చిన్నబోతుంది. అదే 'మనం వెళ్తున్నాం' అంటే వాడు చెప్పులు వేసుకుంటాడు. తమిళంలో నామ్, నాంగళ్ అనీ, మలయాళంలో నమ్మళ్, ఞంగళ్ అనీ ఇదే తేడా ఉంది. ఇప్పటి కన్నడంలో మాత్రం రెండిటికీ 'నావు' ఒక్కటే. హిందీ 'హమ్' కూడా ఇంగ్లీషులాంటిదే. మరాఠీలో ఆపణ్, ఆమ్హీ, గుజరాతీలో ఆపణే, అమే అని రెండేసి ఉన్నాయి. ద్రావిడ భాషల పొరుగున ఉండటం వల్లే వాటికి ఆ తేడా వచ్చిందని భాషా శాస్త్రవేత్తలు చెబుతారు. పొరుగువాళ్లు అరువు తీసుకునేంత విలువైన సామాను మన దగ్గర ఉందన్నమాట.

దాని విలువ నాకు తెలిసొచ్చిన రోజు ఒకటుంది. రెండేళ్ల కిందట మా టీంలో ఒకమ్మాయిని తీసేశారు. ఆమెకు వచ్చిన ఉత్తరం 'వీ ఆర్ ఎ ఫ్యామిలీ' అని మొదలైంది. మూడో పేరాలో 'వీ హావ్ టేకెన్ ఎ డిఫికల్ట్ డెసిషన్' అని ఉంది. వాళ్ల నాన్నగారు పల్నాడులో మిర్చి వేస్తారు, ఇంగ్లీషు రాదు. ఫోన్ చేసి, ఉత్తరంలో ఏం రాశారో చదివి చెప్పమన్నారు. నేను పక్కనే ఉన్నాను. 'మనమంతా ఒక కుటుంబం అని రాశారు నాన్నా' అంది. కాసేపు ఆగి, 'మేము చాలా కష్టమైన నిర్ణయం తీసుకున్నాం అని రాశారు' అంది. ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఆయన వెంటనే, 'మేమా? ఇందాక మనం అన్నారు కదమ్మా?' అని అడిగారు.

ఆ ఉత్తరాన్ని ఆఫీసులో కనీసం ఇరవైమందిమి చదివి ఉంటాం. రెండు చోట్లా ఉన్నది ఒకే మాట కాబట్టి మాలో ఎవరికీ అది కనపడలేదు. తెలుగులోకి వచ్చేసరికి ఆ అమ్మాయి రెండిట్లో ఒకటి ఎంచుకోక తప్పలేదు. ఎంచుకున్న క్షణాన ఉత్తరం రెండుగా చీలిపోయింది.

అందుకని నా కోరిక ఇది. జాబితాలో 'వీ'ని చేర్చండి. నిర్వచనం ఇలా ఉండొచ్చు: 'వీ: పని చెప్పేటప్పుడు మనం, మెప్పు పొందేటప్పుడు మేము.'

*

పై పోస్టు కింద చాలామంది రాశారు. విడివిడిగా జవాబివ్వడం కుదరక అన్నీ ఇక్కడే రాస్తున్నాను.

రెవెన్యూలో చేసి రిటైరైన మాస్టారు ఒకరు, ఈ జబ్బంతా ఇంగ్లీషుది, మన కచేరీ భాషలో ఇలాంటి దాపరికం లేదు అన్నారు. మాస్టారూ, మీమీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. కచేరీ భాష కూడా బయటివాడికి అర్థం కాని భాషే. కడప, మచిలీపట్నం, రాజమండ్రి కచేరీల్లో ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర 1852లో 'జిల్లా డిక్షనరీ' అని ఒక పుస్తకమే వేయవలసి వచ్చింది. ఇక్కడి వ్యవహారాల్లో వాడే మాటలకు అర్థాలు చెప్పడానికే ఆ పుస్తకం. అప్పటి ఆఫీసు మాటల నిఘంటువు అది.

మనుషుల్ని దాచడంలో కూడా ఆ భాష తక్కువది కాదు. 'మామూలు' చూడండి. అరబ్బీ నుంచి వచ్చిన మాట, ఆచారంగా జరిగేది అని అర్థం. 'మామూలు ముట్టిందా?' అంటే అందులో లంచం ఇచ్చేవాడూ కనపడడు, తీసుకునేవాడూ కనపడడు. ఆచారం ఒక్కటే కనపడుతుంది. 'రాజీనామా' ఇంకా లోతైనది. రాజీ అంటే ఒప్పుకోవడం, నామా అంటే కాగితం. నిజానికి అది ఒప్పుదల కాగితం. రైతు భూమి వదులుకుంటూ సర్కారుకు రాసిచ్చే కాగితాన్ని కూడా రాజీనామా అనేవారు. ఇష్టంతో వదిలాడా, శిస్తు కట్టలేక వదిలాడా అన్నది ఆ మాటలో ఉండదు. రాజీపడ్డాడని మాత్రం ఉంటుంది. పైన చెప్పిన అమ్మాయిని తీసేశారని రాశాను కదా, కాగితం మీద అలా లేదు. ఆమె చేతే రాజీనామా రాయించుకున్నారు. అప్పటి మాట ఇప్పటికీ అదే పని చేస్తోంది.

వ్యాకరణం బాగా తెలిసిన ఒకావిడ నా వాదనలో లొసుగు పట్టుకున్నారు. నిజమేనమ్మా. మనం, మేము అన్న తేడా సర్వనామంలోనే ఉంది, క్రియలో లేదు. 'చేశాం' అంటే ఎవరైనా కావచ్చు. మనం సర్వనామాన్ని వదిలేసి మాట్లాడతాం కాబట్టి 'సోమవారానికి ఇచ్చేస్తాం' అన్న మాట 'వీ' లాగే గోడల్లేని ఇల్లు. కాదనను. అయితే ఒక్కచోట క్రియ కూడా మనవైపు ఉంది. 'వెళ్దాం', 'తిందాం', 'చేద్దాం'. ఈ '-దాం'లో వినేవాడు తప్పకుండా ఉంటాడు. 'మేం చేద్దాం' అని ఎవరూ అనరు.

ఈ '-దాం' దగ్గరే నాకు దిగులు కూడా ఉంది. ఎందుకంటే మన ఆఫీసులన్నిటిలోకీ పాతుకుపోయిన మాట 'చూద్దాం'. వ్యాకరణం ప్రకారం నువ్వూ నేనూ కలిసి చూడటం. అర్జీ పట్టుకుని వచ్చిన మనిషికి 'చూద్దాం లెండి' అని చెబితే, చూడవలసిన బాధ్యతలో సగం ఆ మనిషి నెత్తిన పెట్టినట్టే. అతను ఏం చూస్తాడు? 'చూస్తాను' అంటే నేను చూడాలి. 'చూద్దాం' అంటే ఎవరూ చూడక్కర్లేదు. ఆఫ్‌లైన్‌కి మనవాళ్లు వెతుకుతున్న అచ్చ తెలుగు మాట ఇదే.

మనవైపు ఇంకో దాగుడు చోటు 'జరిగింది'. 'పొరపాటు జరిగింది', 'ఆలస్యం అయింది', 'గడువు దాటింది'. గ్లాసు పగలగొట్టిన పిల్లవాణ్ని అడిగితే 'పగిలింది' అంటాడు. 'పగలగొట్టాను' అనడానికి ధైర్యం కావాలి. 'చర్యలు తీసుకోబడును' లాంటి వాక్యాన్ని మనం ఇట్టే పట్టుకుంటాం, ఎందుకంటే ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. 'జరిగింది' మాత్రం ఇంటి మాటే. అందుకే మన చెవిని దాటిపోతుంది. నేను బగ్ రిపోర్టుల్లో, మీటింగ్ నోట్సుల్లో ఈ మాట రాయడం మానేశాను. 'నేను ఈ కేసు టెస్ట్ చేయలేదు' అని రాస్తున్నాను. మొదట్లో టెన్షన్‌గా ఉండేది. ఇప్పుడు టీంలో ఇంకో ముగ్గురు అలాగే రాస్తున్నారు.

చివరగా, కొత్తగా ఉద్యోగంలో చేరిన తమ్ముడి ప్రశ్న. 'అక్కా, మా లీడ్ తెలుగాయనే. శుక్రవారం సాయంత్రం వచ్చి, రేపు మనం రావాలి అంటాడు. వెళ్తే నేనొక్కణ్నే ఉంటాను. మరి మీ గోడ ఏమైంది?'

గోడ అక్కడే ఉంది నాన్నా. ఆయన వాడింది ఇంకో 'మనం'. బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన 'మనది ఏ ఊరు బాబూ?' అని అడుగుతాడు. ఆయనకు తన ఊరు తెలియక కాదు. 'నీది' అనడానికి మనసొప్పక, 'మీది' అంటే దూరమవుతుందని, నిన్ను తనలో కలుపుకుని అడుగుతాడు. డాక్టరుగారు 'ఇవాళ మనకెలా ఉంది?' అనడం కూడా ఇలాంటిదే. 'నువ్వు' అనకుండా 'నువ్వు' అనే పద్ధతి ఇది, మన భాషలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మర్యాద. మీ లీడ్ ఆ మర్యాదను తీసుకుని దాంతో శనివారం పని చేయించుకుంటున్నాడు. పెద్దాయన 'మనం' అని నిన్ను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఈయన 'మనం' అని తాను ఇంటి దగ్గర ఉండిపోయాడు.

ఈసారి ఆయన అలా అన్నప్పుడు '-దాం' వాడి చూడు. 'సరే సార్, ఎన్నింటికి కలుద్దాం?' అని నెమ్మదిగా, నవ్వుతూ, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడుగు. ఆయన ఏమన్నాడో సోమవారం ఇక్కడ రాయి.