చైనా నుంచి విశాఖకు ఎల్‌సీఎల్ సరుకు: 7.5 శాతం డ్యూటీ 28 ఎలా అవుతోంది?

గాజువాక_పంపులు:
పంపులో నీరు కారకుండా వేసే మెకానికల్ సీళ్లు చైనా నుంచి తెప్పిస్తున్నాం. ఎఫ్‌ఓబీ (అక్కడ ఓడ ఎక్కించేదాకా ధర) 4,000 డాలర్లు, ఎల్‌సీఎల్ (ఇతరుల సరుకుతో కలిపి ఒకే కంటైనర్‌లో). ఐఈసీ (దిగుమతి-ఎగుమతి కోడు), జీఎస్టీ ఉన్నాయి. టారిఫ్‌లో చూస్తే బేసిక్ డ్యూటీ 7.5 శాతమే. సీహెచ్‌ఏ (కస్టమ్స్ ఏజెంటు) మాత్రం 28 శాతం దాకా పెట్టుకోమంటున్నారు. ఆయన కమీషన్ కూడా ఇందులోనే ఉందా?

లెక్కల_మాస్టారు:
కమీషన్ కాదండీ, ఆయన చెప్పింది సరైన లెక్కే. మెకానికల్ సీలు టారిఫ్ కోడు 8484 20 కింద వస్తుంది. డాలరు 85 రూపాయలు అనుకుందాం. అసలు లెక్కకు కస్టమ్స్ ప్రకటించే రేటే వాడాలి, మీ బ్యాంకు రేటు కాదు.

సరుకు 3,40,000. సముద్రం కిరాయి 300 డాలర్లు, అంటే 25,500. ఇన్సూరెన్స్ కాగితం లేకపోతే ఎఫ్‌ఓబీ మీద 1.125 శాతం వేస్తారు, అది 3,825. మొత్తం 3,69,325. డ్యూటీ మొదలయ్యేది ఈ అంకె మీద, ఇన్వాయిస్ మీద కాదు.

బేసిక్ 7.5 శాతం అంటే 27,699. ఆ బేసిక్‌లో పదో వంతు సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జి, 2,770. ఈ రెండూ విలువకు కలిపాక 3,99,794 అవుతుంది. దాని మీద ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) 18 శాతం, 71,963. అంతా కలిపి 1,02,432. పన్ను మీద పన్ను పడటం వల్లే 26 అనుకున్నది 28కి దగ్గరవుతోంది.

కిరాయి రుజువు మాత్రం తప్పకుండా పెట్టండి. అది తేలకపోతే ఎఫ్‌ఓబీలో 20 శాతం, అంటే 68,000 కిరాయిగా లెక్కేస్తారు. ఒక్క కాగితం లేనందుకు డ్యూటీ 11,787 పెరుగుతుంది.

గాజువాక_పంపులు:
మరి ఆ ఐజీఎస్టీ తిరిగి వస్తుందా?

లెక్కల_మాస్టారు:
రెగ్యులర్ జీఎస్టీ అయితే ఇన్‌పుట్ క్రెడిట్ దొరుకుతుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. బేసిక్, సర్‌ఛార్జి కలిపి 30,469 మాత్రం సరుకు ఖరీదులో వేసుకోవాల్సిందే. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులకున్న జీఎస్టీ స్కీములో) ఉంటే ఐజీఎస్టీ కూడా ఖర్చే.

పోర్ట్_ఏరియా:
డ్యూటీ సంగతి సరే, చేతి చమురు వదిలేది ఆలస్యం వల్ల. ఓడ వచ్చే రోజుకు ముందు రోజు లోపల బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి డిక్లరేషన్) పడాలి, సెలవు రోజైనా సరే. దాటితే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, ఆ తర్వాత రోజుకు 10,000. డ్యూటీ ఆలస్యంగా కడితే 15 శాతం వార్షిక వడ్డీ. ఇవేవీ సీఎఫ్‌ఎస్ (సరుకు దించి ఉంచే గోడౌన్) అద్దెలో కలవవు, దాని మీటరు దానిదే.

కొలంబోలో ఓడ మారే సరుకైతే తేదీలు జరుగుతుంటాయి. మొదట చెప్పిన తేదీ పట్టుకుని కూర్చోకుండా ఫార్వర్డర్‌ని (ఓడలో సరుకు బుక్ చేసే ఏజెంటుని) రోజూ అడగండి.

బిల్లు వేసేముందు సీహెచ్‌ఏ చెక్‌లిస్ట్ పంపుతారు. చాలామంది వాట్సాప్‌లో చూసి బొటనవేలు పెట్టేస్తారు. అందులో జీఎస్టీ నంబరు, కిరాయి, ప్రతి వస్తువుకూ కోడు ఒక్కొక్కటీ చూడండి. పెట్టెలో విడి రబ్బరు గ్యాస్కెట్లు కూడా ఉంటే అవి 4016 93లోకి వెళ్తాయి, వాటి రేటు వేరుగా చూసుకోవాలి. అన్నీ కలిపి "పంపు స్పేర్లు" అని ఒకే లైనులో వేస్తే కస్టమ్స్ నుంచి క్వెరీ రావడం ఖాయం. అసెస్ చేసే ఆఫీసరు వేరే ఊళ్లో ఉండొచ్చు, కాబట్టి కస్టమ్ హౌస్‌కి వెళ్లి నోటిమాటతో తేల్చుకునే పని కాదు. జవాబు ఆన్‌లైన్‌లోనే, కేటలాగు పేజీ జతచేసి ఇవ్వాలి.

చెక్కపెట్టె:
ఎల్‌సీఎల్‌లో కిరాయి చవగ్గా చూపించి, ఇక్కడ డీఓ (సరుకు విడుదల చేసే డెలివరీ ఆర్డరు) ఇచ్చేటప్పుడు డెస్టినేషన్ ఛార్జీల పేరుతో వసూలు చేయడం మామూలే. విశాఖలో ఎంత పడుతుందో బుకింగ్‌కి ముందే మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పినదానికి విలువ లేదు.

ఇంకోటి, సప్లయర్‌ని చెక్క ప్యాలెట్ ఫొటో అడగండి. గోధుమ కంకి గుర్తు, పక్కన సీఎన్ (చైనా కోడు), కింద హెచ్‌టీ (చెక్కని వేడితో శుద్ధి చేసినట్టు) అని ముద్ర ఉండాలి. ముద్ర లేని చెక్కని ప్లాంట్ క్వారంటైన్ వాళ్లు ఆపేస్తారు, లోపల ఇనుమున్నా సరే. ప్లైవుడ్ పెట్టె అయితే ఈ గొడవే లేదు.

గాజువాక_పంపులు:
చెక్‌లిస్ట్‌లో మా పాత జీఎస్టీ నంబరు ఉందండీ, ఇప్పుడే చూశాను.

పోర్ట్_ఏరియా:
బిల్లు వేయకముందే మార్పించండి. వేశాక అయితే సెక్షన్ 149 కింద సవరణ పెట్టుకోవాలి, అది పూర్తయ్యేదాకా ఆ 71,963 మీ 2బీలో (జీఎస్టీ పోర్టల్‌లో క్రెడిట్ చూపించే స్టేట్‌మెంట్‌లో) కనిపించదు.