'ఉండేది' అన్న మాటలో గతం ఎక్కడుంది?

సభ్యులకు నమస్కారం. ఈ ప్రశ్న నా నోట దొర్లిన ఒక పొరపాటు వాక్యం నుంచి పుట్టింది కనుక ముందు ఆ వాక్యం సంగతి చెబుతాను. నా బాల్యమంతా గడిచిన ఇంటిని చూడడానికి ఈమధ్య అమ్మతో కలిసి వెళ్లాను. ఆ ఇల్లు మా చేయి దాటి 30 ఏళ్లు కావస్తోంది. గేటు దగ్గర నిలబడి లోపలికి వెళ్లాలా వద్దా అని తటపటాయిస్తూ ఉండగా, ఇప్పుడు అందులో ఉంటున్న ఇల్లాలు బయటికి వచ్చి, ఎవరు కావాలని అడిగారు. నేను కంగారులో "ఎవరూ కాదండీ, మేం ఉండేది ఈ ఇంట్లోనే" అన్నాను. ఆవిడ నన్నొకసారి, గోడ మీది ఇంటి నంబరునొకసారి చూసి, "అలాగా! మరి మేం ఉండేది ఎక్కడండీ?" అన్నారు. అమ్మ నవ్వేసి, "వాడి మాటకేం లెండి, ఒకప్పుడు మేం ఈ ఇంట్లో ఉండేవాళ్లం" అని సర్దింది. ఆవిడ వెంటనే గేటు తీశారు.

నేనన్నదీ అమ్మ అన్నదీ దాదాపు ఒకే మాటలు. 'మేం', 'ఈ ఇంట్లో', 'ఉండే' అనేవి రెండింటిలోనూ ఉన్నాయి. అమ్మ 'ఒకప్పుడు' అని చేర్చింది నిజమే కానీ, ఆ మాట తీసేసినా "మేం ఈ ఇంట్లో ఉండేవాళ్లం" అంటే ఇప్పుడు లేమన్న అర్థమే వస్తుంది. "మేం ఉండేది ఈ ఇంట్లోనే" అంటే మాత్రం ఇప్పుడు ఉన్నామన్న అర్థం వస్తుంది. ఒకే 'ఉండే' ఒక వాక్యంలో వర్తమానాన్నీ మరో వాక్యంలో గతాన్నీ ఎలా చెబుతోందన్నది ఆ రోజు నుంచి నన్ను వదలని ప్రశ్న.

నాకు తోచిన సమాధానం ఇది. 'ఉండేవాళ్లం' అన్న రూపంలో భూతకాలాన్ని సూచించే ప్రత్యయం ఏదీ లేదు. పాత తెలుగులోని 'ఉండెడు', 'ఉండెడి' అన్న విశేషణమే నేటి 'ఉండే'. దానికి 'వాళ్లు' చేరి, ఆపైన 'మేం'తో పొసగడానికి చివర 'అం' వచ్చింది. "మేం పేదవాళ్లం" అన్న వాక్యంలో 'పేదవాళ్లం' ఎలా నిలబడిందో, "మేం ఈ ఇంట్లో ఉండేవాళ్లం" అన్న వాక్యంలో 'ఉండేవాళ్లం' కూడా అలాగే నిలబడింది. ఏకవచనంలో 'ఉండేవాణ్ణి', 'ఉండేదాన్ని' అంటాం. చూడగానే ఇవి ద్వితీయా విభక్తి రూపాల్లా కనిపిస్తాయి కానీ కావు. 'వాడను', 'దానను' అన్న గ్రాంథిక రూపాలు వాడుకలో అరిగి 'వాణ్ణి', 'దాన్ని' అయ్యాయి. అంటే ఇది నిజానికి క్రియ లేని వాక్యం. ఫలానా చోట ఉండే మనుషులం మేమని చెప్పి ఊరుకుంటుంది. ఎప్పుడన్నది అందులో లేదు.

చిన్నయసూరి బాలవ్యాకరణంలో క్రియకు భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు తద్ధర్మమనే నాలుగో అర్థం కూడా చెప్పబడింది. ఒక వస్తువు స్వభావాన్నో అలవాటునో చెప్పేది తద్ధర్మం. నిప్పు కాలుస్తుంది, పక్షి ఎగురుతుంది అన్నప్పుడు ఫలానా రోజున జరిగిన పని గురించి చెప్పడం లేదు, నిప్పు అటువంటిది, పక్షి అటువంటిది అని చెబుతున్నాం. మన 'ఉండే' ఈ తద్ధర్మపు ఇంటిదే. కాబట్టి చిన్ననాటి సంగతులు చెప్పేటప్పుడు మనం ఎడతెగకుండా వాడే ఉండేది, వచ్చేవాడు, పాడేది, ఆడుకునేవాళ్లం అన్న రూపాలన్నీ స్వభావాన్ని చెప్పే విశేషణం మీద కట్టినవే. జరిగిపోయిన పనిని చెప్పే 'ఉన్నాం', 'వచ్చాడు', 'పాడింది' వేరే వరుస.

ఈ తేడా ఆ ఇంట్లో అడుగడుగునా ఎదురైంది. ముందు గదిలో కిటికీ చూపించి ఆ ఇల్లాలితో, "అమ్మ ఇక్కడ కూర్చుని పాడేదండీ" అన్నాను. వెనకనుంచి అమ్మ, "పాడేది ఏమిట్రా, ఇప్పుడు మానేశానా?" అంది. నేను మానేసిందని అనలేదు. వ్యాకరణం ప్రకారం నా మాటలో ఆ అర్థం లేనే లేదు. "అప్పుడూ పాడేది, ఇప్పుడూ పాడుతుంది" అంటే వాక్యం ఎక్కడా తడబడదు. అయినా 'పాడేది' అని ఊరుకుంటే వినేవారికి అది ఆగిపోయిన పాటలాగానే వినిపిస్తుంది. ఎందుకంటే ఇప్పటి అలవాటుకు 'పాడుతుంది' అన్న రూపం సిద్ధంగా ఉండగా దాన్ని కాదని 'పాడేది' అన్నామంటే ఏదో కారణం ఉండాలని వినేవారు ఊహించుకుంటారు. గతం మాటలో లేదు, పక్క మాటను వదిలిపెట్టడంలో ఉంది.

ఇక తలుపు సంగతి. వీధి తలుపుకు లోపలివైపు ఇనప గడియ ఉంది. అప్పట్లో దాన్ని నెడితే చట్రంలోని బెజ్జానికి వేలెడు కిందికి వెళ్లి తగిలేది. తలుపును పిడి పట్టుకుని కాస్త పైకెత్తి, ఎత్తిన చేయి దించకుండా రెండో చేత్తో నెడితేనే పడేది. మేం వెళ్లబోతుంటే ఆవిడ అదే పని చేస్తూ, "ఏమీ అనుకోకండి, ఈ తలుపు ఎత్తి పట్టుకుంటే గానీ గడియ పడదు" అన్నారు. "అప్పుడూ పడేది కాదండీ" అన్నాను. 'పడదు', 'పడేది కాదు' — ఒకే గడియ, ఒకే మొండితనం, 30 ఏళ్ల ఎడం. మొదటిదీ తద్ధర్మమే, రెండోదీ తద్ధర్మం మీద కట్టినదే. ఆ తలుపుకు రంగు మారింది, గడియ పక్కన కొత్తగా తాళం కప్ప వచ్చింది. ధర్మం మాత్రం మారలేదు.

'ఉన్నాను' గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. 'తిన్న', 'తిన్నాను' ఎలాగో 'ఉన్న', 'ఉన్నాను' అలాగే. రూపం చూస్తే భూతకాలపు వరుసలో ఉంటుంది, పని చూస్తే రెండు కాలాలదీ చేస్తుంది. "నిన్న ఇంట్లో ఉన్నాను", "ఇప్పుడు ఇంట్లో ఉన్నాను" రెండూ సరైనవే. 'లేదు' కూడా అంతే. అందువల్ల "పెరట్లో బావి ఉంది" అంటే ఇప్పటి బావే గుర్తొస్తుంది తప్ప పూడ్చేసిన బావి గుర్తు రాదు. పూడ్చేసిన బావిని చెప్పాలంటే "బావి ఉండేది" అనక తప్పదు. ఆ బావి ఏ అలవాటుగా ఉందని? రోజూ వచ్చి పోయిందా? అలవాటును చెప్పే రూపాన్ని అలవాట్లు లేని బావికి, గోడకు, చెట్టుకు కూడా వాడుతున్నామంటే, 'ఉన్నది' రెండు కాలాలకూ చిక్కుకుపోయిన చోట ఆ లోటు తీర్చడానికే 'ఉండేది' ముందుకు వచ్చిందని నా అభిప్రాయం. బావి ఉండేది, నానమ్మ ఉండేది. ఏకవచనంలో రెంటికీ ఒకటే రూపం కావడం మన భాషలో మామూలే కానీ, ఆ పెరట్లో నిలబడి వరుసగా రెండు వాక్యాలూ అన్నప్పుడు మాత్రం నాకది మామూలుగా వినిపించలేదు.

పెద్దలు తప్పొప్పులు చెప్పగలరు.

*

ఒక సభ్యుడి స్పందన:

ఆసక్తికరమైన పరిశీలన. అయితే మీరు చెప్పిన చిక్కు తెలుగు మొత్తానికి ఉన్నది కాదని మనవి. మా తెలంగాణ ఇళ్లలో మీ అమ్మగారి వాక్యాన్ని "మేం గీ ఇంట్ల ఉంటుంటిమి" అంటాం. 'ఉండేటోళ్లం' అన్న రూపం కూడా ఉంది, కానీ పెద్దవాళ్ల నోట 'ఉంటుంటిమి'యే ఎక్కువగా విన్నాను. ఇందులో 'ఉంటు' అన్నది అలవాటును చెబితే, 'ఉంటిమి' అన్నది గతాన్ని చెబుతుంది. ఈ 'ఉంటిమి' సందిగ్ధం లేని భూతకాలం. మీ 'ఉన్నాం' లాగా రెండు పడవల మీద కాలు పెట్టదు. బావి విషయంలోనూ "బాయి ఉండె" అంటే చాలు, ఇప్పుడు లేదని తెలిసిపోతుంది. రాయలసీమ మిత్రులు 'వస్తాంటిమి', 'ఉంటాంటిమి' అనడం విన్నాను. అదీ ఈ కోవలోనిదే. కాబట్టి 'ఉండేది'లో గతం లేదని మీరంటే ఒప్పుకుంటాను గానీ, తెలుగువాళ్లందరూ బాల్యాన్ని స్వభావంగా చెప్పుకుంటారని ఎవరైనా అంటే ఒప్పుకోను. మా నానమ్మ జరిగిపోయిన దాన్ని జరిగిపోయినట్టుగానే చెబుతుండె.

మరొక సభ్యురాలి ప్రశ్న:

'ఉండేవాళ్లం' నిజంగా కాలం లేని మాటే అయితే, "నేను ఈ ఇంట్లో ఉండేదాన్ని" అని ఇప్పుడు ఉంటున్న ఇంటి గురించి ఎందుకు అనలేకపోతున్నాం? ఇంకొకటి కూడా. "అనగనగా ఒక రాజు ఉండేవాడు" అని కథ మొదలుపెడతాం కదా. ఆ రాజుకు స్వభావం ఏముంది, అలవాటు ఏముంది?

*

నా సమాధానం:

ముందుగా తెలంగాణ రూపాలు గుర్తుచేసినందుకు కృతజ్ఞతలు. నా వాదంలో నేను చూడని పక్క అది. 'ఉంటిని, ఉంటిమి, ఉండె' అన్నవి పాత కావ్యభాషలోనూ ఉన్నవే. కోస్తా వాడుక, దాన్ని అనుసరించిన పత్రికల భాష వాటిని వదులుకున్నాయి. వదులుకున్న చోట పడిన ఖాళీని 'ఉండేది' నింపిందని నేనన్న మాటకు మీ ఉదాహరణ బలమే ఇస్తోంది. 'ఉండె' ఉన్నచోట బావికి అలవాట్లు అంటగట్టే అవసరం రాలేదు. అందరికీ వర్తించే మాటగా నేను రాసిన "మనం ఎడతెగకుండా వాడే" అన్న వాక్యాన్ని మా వైపు మాటకు పరిమితం చేసుకుంటున్నాను.

ఇక సభ్యురాలి మొదటి ప్రశ్న. ఇప్పుడు ఉంటున్న ఇంటి గురించి 'ఉండేదాన్ని' అనలేకపోవడానికి కారణం, ఆ చోటును 'ఉంటాను' ముందే ఆక్రమించుకోవడం. అయితే పూర్తిగా అనలేమా? పక్కింటివాళ్లు మనల్ని కొత్తవాళ్లనుకుని వీధి సంగతులు చెప్పబోతే, "మేమూ ఈ వీధిలో ఉండేవాళ్లమే కదండీ" అంటాం. అది గతం కాదు, ఈ ఉదయం సంగతి. చివర ఒక్క 'ఏ' చేరగానే మాట మళ్లీ నామవాచకంగా మారి అసలు అర్థంలోకి వచ్చేసింది. అలాగే "ఉత్తరాలు తెచ్చేవాడు వచ్చాడు" అంటే ఇప్పటి మనిషి, "ఆయన ఉత్తరాలు తెచ్చేవాడు" అంటే అప్పటి మనిషి. అక్షరం మారలేదు, వాక్యంలో కూర్చున్న చోటు మారింది. గేటు దగ్గర నేను చేసిన పొరపాటూ ఇదే. 'ఉండేవాళ్లం' అని వాక్యం చివర రావలసింది, నేను 'ఉండేది' అని మధ్యలో పెట్టి 'ఇంట్లోనే' అని ముగించాను. చివరి చోటు పోగానే గతమూ పోయింది.

రాజు ప్రశ్న నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. కథలో 'ఉండేవాడు' ఎంతవరకు నడుస్తుందో గమనించండి. రాజు ఉండేవాడు, ఆయనకు ఏడుగురు కొడుకులు ఉండేవారు, ప్రజలను బాగా చూసుకునేవాడు. ఇంతవరకు ఏమీ జరగదు. "ఒకరోజు" అన్న మాట పడగానే క్రియలన్నీ మారిపోయి 'వెళ్లాడు', 'చూశాడు', 'అన్నాడు' అవుతాయి. ఆ ముందరి భాగమంతా కథ జరగబోయే లోకం ఎటువంటిదో చెప్పడం, అంటే ధర్మం చెప్పడమే. బాల్యం చెప్పుకునేటప్పుడూ ఇలాగే చేస్తాం. "మెట్ల మీద కూర్చునేవాళ్లం, చీకటి పడేదాకా లోపలికి వచ్చేవాళ్లం కాదు" అని చెప్పుకుంటూ పోయి, "ఒకరోజు మూడో మెట్టు మీంచి పడ్డాను" అన్నప్పుడే మొదటి సంఘటన వస్తుంది. ఆ ఇంట్లో నేను పడింది ఒక్కసారే, కూర్చున్నది కొన్ని వేలసార్లు. ఒక్కసారిది 'పడ్డాను'లో ఇమిడింది, వేలసార్లది 'కూర్చునేవాళ్లం'లో ఇమిడింది. మెట్లు ఇప్పుడు తిరగకట్టారు, మూడో మెట్టు ఏదో అమ్మా నేనూ ఇద్దరం లెక్కపెట్టినా తేలలేదు.

నాకు మిగిలిన సందేహం ఒకటుంది, అది వ్యతిరేక రూపం గురించి. గడియ విషయంలో నేను 'పడేది కాదు' అన్నాను. తిరుగు ప్రయాణంలో అమ్మ అదే సంగతి ఫోనులో మా పిన్నికి చెబుతూ "ఆ గడియ అప్పుడూ పడకపోయేది కదే" అంది. నా చెవికి 'పడేది కాదు' ఆ గడియ స్వభావంలాగా, 'పడకపోయేది' దానితో తంటాలు పడిన మనిషి ఫిర్యాదులాగా వినిపిస్తున్నాయి. ఈ తేడా మీ ఇళ్లలోనూ ఉందా, లేక ఒక రూపమే వాడతారా? ఏ ప్రాంతపు వాడుకో కూడా రాస్తే మేలు.