ముగ్గురు రైతుల్ని కలిపి ఒక్క రైతుగా రాయొచ్చా?

నల్లరేగడి:
మా వైపు పత్తి, మిరప ఎక్కువ. పురుగుమందు కొట్టి కళ్లు తిరిగి పడిపోయిన ముగ్గురితో మాట్లాడి ఒక వ్యాసం రాశాను. చదివినవాడు మర్నాడు పొలానికి వెళ్లేటప్పుడు చేతులకి గ్లవ్స్ తొడుక్కోవాలి, మిట్టమధ్యాహ్నం పంపు భుజానికెత్తకూడదు. నాకు కావాల్సింది అంతే.

ఒకాయన వట్టి చేత్తో మందు కలిపి, అదే చేత్తో బీడీ ముట్టించుకున్నాడు. రెండో అతను కుర్రాడు. తైవాన్ స్ప్రేయర్‌తో ఎదురుగాలికి కొట్టాడు, ఇంటికొచ్చేసరికి చూపు మసకేసింది. మూడో ఆయన పెద్దాయన. డబ్బా మీద ఎర్ర ముక్కోణం చూపించి ఇదేంటి బాబాయ్ అంటే, "కుటుంబ నియంత్రణ గుర్తు కదయ్యా" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు గానీ తప్పు ఆయనది కాదు. అదీ తలకిందుల ఎర్ర ముక్కోణమే, ఇదీ అదే. లేబుల్ మీద ఆ రంగు విషం ఘాటుని చెప్తుందని, ఎరుపు అన్నిటికంటే ప్రమాదమని, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ అని ఆయనకి చెప్పినవాళ్లే లేరు.

వ్యాసం అడిగిన పత్రిక ఎడిటర్ గారు ముగ్గురు వద్దన్నారు. అందర్నీ కలిపి 'రామయ్య' అని ఒక్క మనిషిని చెయ్యమన్నారు. బీడీ, ఎదురుగాలి, ముక్కోణం అన్నీ ఆయనకే జరగాలి, చివర్లో ఆసుపత్రి మంచం. "జరగనిది ఒక్క ముక్క కూడా కలపట్లేదు కదా" అంటారు. నాకు మనసొప్పట్లేదు. ఎందుకు ఒప్పట్లేదో చెప్పమంటే మాత్రం నోరు పెగల్లేదు. మీరేమంటారు?

డెస్కుమనిషి:
నేను ఎడిటర్ గారి వైపే. ఇరవై ఏళ్లుగా పత్రికలో పక్కవాళ్లు రాసింది దిద్దుతున్నాను. ముగ్గురు మనుషులుంటే రెండోవాడి దగ్గరే పాఠకుడు పేజీ తిప్పేస్తాడు. పేర్లు గుర్తుండవు, ఎవరి భార్య ఎవరో తెలీదు. ఒక్క మనిషి వెంట నడిపిస్తే ఆసుపత్రి దాకా వస్తాడు.

మనకి దూబగుంట ఆడవాళ్ల సారా పోరాటం ఉండనే ఉంది. 1990 దశకం మొదట్లో నెల్లూరు జిల్లాలో పెద్దవాళ్లకి చదువు నేర్పే అక్షరదీపం రాత్రి బడులు నడిచాయి. అక్కడి వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం. సారా తాగే మొగుడి వల్ల సంసారం గుల్లైపోయిన ఆడమనిషి కథ అది. ఆ సీతమ్మకి ఇంటి నంబరు ఉందా, రేషన్ కార్డు ఉందా? వందమంది సీతమ్మల్ని కలిపి ఒక్కర్ని చేశారు. అది చదివిన ఆడవాళ్లే సారా జీపుకి అడ్డం నిలబడ్డారు. ఇక మీ రామయ్యకి అభ్యంతరం ఏంటి?

పెన్నగట్టు:
డెస్కుమనిషి గారూ, సగం చెప్పి ఆపేశారు. నేను ఆ రోజుల్లో మా ఊళ్లో రాత్రి బడికి వాలంటీర్ని. దూబగుంట పక్కనున్న కలిగిరి మా ఊరికి మరీ దూరం కాదు.

సీతమ్మ పాఠం చదివినప్పుడు మా వాళ్లు కళ్లు తుడుచుకున్న మాట నిజం. తుడుచుకుని ఇళ్లకి పోయినారు. వాళ్లకి ఊపు తెచ్చింది ఆ తర్వాతి వాచకంలో వచ్చిన పాఠం, 'ఆడవాళ్లు ఏకమైతే'. అది కల్పన కాదు, దూబగుంట ఆడవాళ్లు చేసిన పని. కల్లు బండి ఊళ్లోకి రాకుండా ఆపడం, కల్లు పారబొయ్యి, నీ నష్టానికి మనిషికో రూపాయి వేసి ఇస్తామని బండివాడికి చెప్పడం, సారా జీపుని చుట్టుముట్టి కలెక్టరు దగ్గరికి పోతామనడం, అన్నీ అందులో ఉండాయి.

లాంతరు కింద ఒకామె వేలు పెట్టి కూడబలుక్కుంటా "దూ... బ... గుం... ట" అని చదివి ఆగిపోయింది. "ఇది మన కలిగిరి పక్కది గదమ్మా?" అనింది. పక్కనున్నామె వాళ్ల చెల్లెల్ని ఆ వైపే ఇచ్చినారంట. ఇంక పాఠం ముందుకు సాగితే ఒట్టు. ఎవురో సీతమ్మ అయితే అయ్యో అనుకుంటాం. దూబగుంట అయితే బస్సెక్కి పోయి అడిగొస్తాం. ఇంకో సంగతి, రూపాయి లెక్క చూడండి. అది చదివాక మా వాళ్లు చేసిన మొదటి పని ఊళ్లో ఎన్ని గడపలున్నాయో ఎంచడం.

నల్లరేగడి గారూ, మీ వ్యాసంలో ఏడుపు ఉంది సరే. ఆ ముగ్గురిలో ఎవరైనా తర్వాత ఏమన్నా మార్చుకున్నారా? అది రాశారా?

గోదారిగాలి:
నాదొక పిడకల వేట. ఇదంతా చూస్తుంటే పాఠం చదివి రాష్ట్రం మారిపోయిందన్నట్టుంది. రాసేవాళ్లకి ఈ గొప్ప బాగానే ఉంటుంది. అసలు సంగతి, కూలి డబ్బు సారా పాకెట్‌కి పోయి ఇంట్లో పొయ్యి వెలగట్లేదు. ఆడవాళ్లు రోజూ ఒకచోట కూర్చోవడానికి రాత్రి బడి దొరికింది. ఆ చోటే లేకపోతే ఏ పాఠమూ పనిచేసేది కాదు. పైగా చివరికేమైంది? 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలించేశారు.

మా రాజమండ్రి సంగతే చూడండి. వితంతువుల పెళ్లి చెల్లుతుందని చట్టం 1856లో వచ్చింది. కందుకూరి 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి రాస్తూనే ఉన్నారు. మొదటి పెళ్లి జరిగింది 1881 డిసెంబరు 11న. అదైనా రాతతో కాలేదు. పెళ్లికూతుర్ని భద్రంగా తీసుకురావాలి, వెలేస్తే నీళ్లూ నిప్పూ చూడాలి, ఖర్చుకి పైడా రామకృష్ణయ్య గారు డబ్బివ్వాలి. వ్యాసం ఎంత బాగా రాసినా గ్లవ్స్ కొనుక్కోడానికి దుకాణంలో గ్లవ్స్ ఉండొద్దా?

పెన్నగట్టు:
1997 మాట ఒప్పుకుంటా. ఆ కోపం మాకూ ఉంది. కానీ సారా వేలంపాటలు జరగనీకుండా ఆడవాళ్లు రోడ్ల మీద కూర్చున్న రోజులు నేను కళ్లారా చూశాను. తర్వాత సర్కారు మాట తప్పిందని ఆ పాఠం తప్పయిపోదు.

లెక్కలమాస్టారు:
ఆలస్యంగా వచ్చాను. మందు కొట్టడం అని చూసి సారా చర్చే అనుకున్నా, తీరా చూస్తే పురుగుమందు. రెండూ ఉన్నాయి, మంచిదే.

పురుగుమందుల మీదే రాసి మార్పు తెచ్చినావిడ రేచల్ కార్సన్. అమెరికాలో 1962లో 'సైలెంట్ స్ప్రింగ్' అచ్చయింది. పదేళ్లకి, 1972లో, అక్కడ డీడీటీ అనే పురుగుమందు వాడకాన్ని దాదాపు పూర్తిగా నిషేధించారు. ఆ పుస్తకం మొదటి అధ్యాయంలో ఒక ఊరుంటుంది. పిట్టలు కూయవు, కోళ్లు పొదిగినా పిల్లలు రావు, తేనెటీగలు లేవు. అచ్చంగా మీ ఎడిటర్ గారి రామయ్యే, కాకపోతే ఊరంత రామయ్య. అయితే ఆవిడ అదే అధ్యాయంలో, రెండు పేజీలు దాటకముందే, ఇలాంటి ఊరు నిజంగా లేదని, కానీ ఇందులో ప్రతి నష్టమూ ఎక్కడో ఒకచోట జరిగిందేనని విప్పి చెప్పేసింది. మిగతా పుస్తకమంతా ఎక్కడ, ఎప్పుడు, ఏ మందు అన్న లెక్కే. వెనక యాభై పేజీల పైచిలుకు ఆధారాలు.

అంత చెప్పినా రసాయన కంపెనీల వాళ్లు ఆ మొదటి అధ్యాయాన్నే పట్టుకుని కట్టుకథ రాసిందని వెక్కిరించారు. చెప్పి కలిపినావిడకే అంత జరిగితే, చెప్పకుండా కలిపిన మీ పరిస్థితి ఏంటి? రామయ్య ఏ ఊరివాడు అని మందుల కంపెనీ సేల్స్ కుర్రాడు ఒక్కడు అడిగితే చాలు. బీడీ, ముక్కోణం, ఎదురుగాలి మూడూ ఒక్క దెబ్బకి అబద్ధమైపోతాయి.

డెస్కుమనిషి:
మాస్టారూ, చెప్పి కలపాలన్న మాట ఒప్పుకున్నాను. సీతమ్మది పాఠం, చదివేవాళ్లకి కథని తెలుసు. మన వ్యాసం కింద 'నిజజీవితం' అని అచ్చేస్తాం, ఆ తేడా ఉంది.

కానీ ఒక్కటి ఎవరూ మాట్లాడట్లేదు. నిజమైన మనిషిని నిజంగా చూపిస్తే రేపు ఊళ్లో అతని పరిస్థితి? ఒకసారి మేం ఒకామె కథని ఊరి పేరుతో సహా వేశాం. జనం కదిలారు, విరాళాలొచ్చాయి. ఆరునెలల తర్వాత ఆమె ఆఫీసుకొచ్చి ఆ పేపర్ ముక్క నా బల్ల మీద పెట్టి, "మా అమ్మాయిని చూడ్డానికొచ్చిన వాళ్లు ఇది చదివి వెళ్లిపోయారు" అంది. నేను మనుషుల్ని కలపడం మొదలెట్టింది ఆ తర్వాతే. ఏడుపు కోసం కాదు.

లెక్కలమాస్టారు:
ఇది ముందే చెప్పాల్సింది మీరు. అయితే పేరు తియ్యండి, ఊరు తియ్యండి, తీశామని రాయండి. మనిషిని దాచడం వేరు, లేని మనిషిని పుట్టించడం వేరు.

గోదారిగాలి:
ఊరు తీసేస్తే పెన్నగట్టు గారి బస్సు ఎక్కడికి వెళ్తుంది మరి?

పెన్నగట్టు:
అదే గదా చిక్కు. వాళ్లనే అడగండి. మేం మాత్రం మా బడిలో ఎవరి సంగతైనా గోడ మీద రాయాలంటే వాళ్లకి చదివి వినిపించి రాసేవాళ్లం.

నల్లరేగడి:
వారం ఆలస్యమైంది, క్షమించాలి. ముగ్గురి దగ్గరికీ వెళ్లి రాసింది చదివి వినిపించాను.

బీడీ ఆయన తన పేరు వద్దన్నాడు, తీసేశాను, తీశానని రాశాను. కుర్రాడు ఇప్పుడు తెల్లారగట్ల, గాలివాటం చూసుకుని కొడుతున్నాడట. గ్లవ్స్ ఊళ్లో దొరక్క టౌన్లో హార్డ్‌వేర్ షాపులో కొన్నాడు. గోదారిగాలి గారూ, మీ ప్రశ్నకి జవాబు అదే, ఆ షాపు సంగతీ, గ్లవ్స్ ధరా చేర్చాను. నిజానికి పెన్నగట్టు గారు అడిగేదాకా ఈ సంగతి కుర్రాణ్ని నేను అడగనే లేదు.

పెద్దాయన అంతా విని, "నా పేరెయ్, ఊరు పేరూ ఎయ్" అన్నాడు. ముక్కోణం మాట కూడా ఉంచమన్నాడు. లేచి వచ్చేస్తుంటే వెనక్కి పిలిచాడు. ఆ డబ్బా ఇచ్చి ఇది కొట్టమని చెప్పిన మందుల షాపాయన సంగతి మాత్రం తీసెయ్యమన్నాడు. ఎందుకు బాబాయ్ అంటే, "ఆయనకి నేను రెండేళ్ల బాకీ ఉన్నానయ్యా" అన్నాడు.

ఆ పేరా ఇంకా తియ్యలేదు. పత్రికకీ పంపలేదు.