సమస్యాపూరణం: "రాయి యరిగిపోవ రాణకెక్కె"

నిర్వాహకుడు: ఈ వారపు సమస్య ఆటవెలది నాలుగవ పాదం. అరిగిపోవడం వలన రాణకెక్కడం ఎట్లా అన్నదే ఇందులోని చిక్కు. పూరణ అకీనోప్లాక్స్ మీదనే సాగాలి. సుమారు 43 కోట్ల ఏళ్ళ క్రితం, నేటి ఇంగ్లండులోని హెరెఫర్డ్‌షైర్ సముద్రగర్భమై ఉన్నప్పుడు, అగ్నిపర్వతపు బూడిద కప్పివేయగా రాతి ముద్దలలో రూపు నిలుపుకొన్న ఈ మొలస్కా (నత్తలు, ఆలుచిప్పల వర్గపు) జీవిని మార్క్ సటన్ బృందం 2001లో లోకానికి పరిచయం చేసింది. పేరులోని గ్రీకు మాటలకు ముల్లు, పలక అని అర్థం.

శిలాసక్తుడు:
ముండ్ల పురుగు బూది ముసుగులో దాగెను
కడలి యడుగు రాతి కడుపు లోన
పొరల నరగదీసి బొమ్మలు కూర్పగా
రాయి యరిగిపోవ రాణకెక్కె

నిర్వాహకుడు: మొదటి రెండు పాదాలు ధారాళంగా సాగాయి. మూడవ పాదంలో "అరగదీసి" అన్న తరువాత సమస్యలోని "అరిగిపోవ" పునరుక్తి అవుతున్నది. అయినా అసలు సంగతి పట్టుకొన్నారు. శిలాజమూ, దానిని చుట్టిన ముద్దా రెండూ ప్రధానంగా కాల్సైటు అనే సున్నపు ఖనిజమే కావడంతో ఒకదానినుండి మరొకదానిని విడదీయడం సాధ్యపడక, మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన అరగదీస్తూ, ప్రతి పొరకూ ఛాయాచిత్రం తీసి, వాటిని కంప్యూటరులో పేర్చి జీవి రూపాన్ని రాబట్టారు. పని ముగిసేసరికి శిలాజం మిగలదు.

ఛందోవిద్యార్థి: "పురుగు" అనడం తగునా? ఇది అనెలిడ్ (వానపాముల వంటి) వర్గపు పురుగేనని వాదించినవారున్నారు. బృందం మాత్రం కైటన్లనే సముద్రపు మొలస్కాలకు ఉన్నటువంటి వీపు పలకలను చూపి మొలస్కా అనే నిలబడింది. "ముండ్ల జీవి" అంటే గణాలు చెడవు, వివాదమూ ఉండదు. నా పూరణ:

శిలకు పేరు లేదు; చిరుజీవి మేనిలో
వీపు పలకలేడు వెలికి రాగ
తనువు విడిచి తాను దాచిన దిచ్చిన
రాయి యరిగిపోవ రాణకెక్కె

నిర్వాహకుడు: రాణకెక్కినది పురుగు కాదు, రాయే అన్న అన్వయం నాకు మరింత నచ్చింది. "పలకలేడు" అన్నచోట మాత్రం పలకలు ఏడు అని కాక, మాట పలకలేనివాడని తోచి నవ్వు వచ్చింది. శ్లేష ఉద్దేశించారో లేదో చెప్పలేదు. వీపున ఏడు సరే, వెనుక కొసన అడుగువైపు మరొక పలక ఉన్నది.

ఛందోవిద్యార్థి: శ్లేష నా తలపులో లేదండీ. ఎనిమిదవది వీపున లేదు గనుక పాదాన్ని మార్చడం లేదు.

శిలాసక్తుడు: పునరుక్తిని అంగీకరిస్తున్నాను. మూడవ పాదాన్ని "పొరకు నొక్క" ద్రుతసంధితో ఇట్లా సవరించాను:

పొరకు పొరకు నొక్క బొమ్మను దీయగా

"పురుగు" అనే మాటను మాత్రం వదులుకోలేను. నేను చెప్పినది ఆకారాన్ని, వర్గాన్ని కాదు. పాకే పాదం లేని పొడవాటి ఒంటిపై వరుసలుగా ముండ్లున్నదానిని చూసినవారికి ముందుగా ఆ మాటే నోటికి వస్తుంది.

నిర్వాహకుడు: సవరణ బాగున్నది. "పురుగు" ఉండనివ్వండి.