తోలుబొమ్మలాట గ్రాంటు: శుక్రవారంలోగా తేల్చవలసిన విషయం

కార్యదర్శి: భోజనాలు, అలంకరణ, మైకుల పనుల జాబితా జతచేశాను. అంతకంటే ముందు ఒక చిక్కు ఉంది. తోలుబొమ్మలాట ప్రదర్శనకు మన తెలుగు సంఘానికి 6,000 డాలర్ల ఇక్కడి ప్రభుత్వ గ్రాంటు మంజూరైంది కానీ, నిన్న వచ్చిన ఉత్తరం ప్రకారం ఆ డబ్బు ప్రదర్శన ముగిసి, రసీదులన్నీ అందజేసిన తరువాతే వస్తుంది. పైగా అంతే మొత్తం మన సొంత నగదు ఖర్చుగా చూపాలి. హాలువారు తగ్గించిన అద్దె లెక్కలోకి రాదు. ఆంధ్రప్రదేశ్‌లోని నిమ్మలకుంట నుంచి వచ్చి ఇప్పుడు ఈ దేశంలోనే పర్యటిస్తున్న బొమ్మలాట బృందానికి మన ఊరికి విమాన టికెట్లు శుక్రవారంలోగా కొనాలి.

కోశాధికారి: ఖాతాలో 4,100 డాలర్లే ఉన్నాయి, మన బడ్జెట్ 12,000. ఒక్క రసీదు తప్పినా రావలసినది ఆగిపోతుంది, సంతకం చేసేది నేను. ఈసారికి బొమ్మలాట మానుకుందాం.

సాంస్కృతిక కార్యదర్శి: సినిమా గాయకుల రాత్రికి గంటలో చందాలు పోగుచేసిన మనం, దీనికి వచ్చేసరికి ఖాతా చూపించడం నాకు బాధగా ఉంది.

కోశాధికారి: ఆ చందాల లెక్కలు కూడా రాత్రంతా కూర్చుని రాసింది నేనే. కళపై నాకు ప్రేమ లేదన్నట్టు మాట్లాడవద్దు.

మాజీ అధ్యక్షులు: ఇద్దరూ శాంతించండి. నిమ్మలకుంటలో ఒక ఇంటి అరుగు మీద, రామాయణ బొమ్మలు చెక్కిన చేతులే మేకతోలుపై దీపపు తొడుగుల (లాంప్‌షేడ్ల) కోసం పూలు చెక్కుతుండగా చూశాను. ఆట కట్టించుకునేవారు కరువై, ఇల్లు ఆ తొడుగుల మీదే నడుస్తోందని చెప్పారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపూ ఉంది. అయితే ఆ గుర్తింపు సరుకు పేరును కాపాడుతుందే కానీ, రాత్రి ఆటకు కూలి ఇవ్వదు. ఆట కూలికి సాయపడే ప్రభుత్వ సొమ్ము, అది ఆలస్యంగా వచ్చినా సరే, వదులుకోకూడదు. చేతిలో డబ్బున్న సంఘాలకే గ్రాంటు అందేలా చేసే ఈ నిబంధన మార్చమని విడిగా ఉత్తరం రాద్దాం.

సాంస్కృతిక కార్యదర్శి: కోశాధికారి గారూ, నా మాట తప్పు, క్షమించండి. హాలు వదిలి గ్రంథాలయపు సమావేశ గదిలో ఉచితంగా చేస్తే, భోజనాలు ఇళ్ల నుంచి తెచ్చుకుంటే, కళాకారులు మన ఇళ్లలో ఉంటే, ఖర్చు 8,000కు దిగుతుంది. అప్పుడు గ్రాంటు 4,000, మన వాటా 4,000.

కోశాధికారి: మన వాటా ఖాతాలో ఉంది. గ్రాంటు వచ్చేదాకా నాలుగు కుటుంబాలు తలా 1,000 అప్పుగా ఇస్తే నేను సంతకం చేస్తాను. మొదటి వెయ్యి మాది. టికెట్లు ఈ రాత్రే కొంటాను. రసీదులన్నీ ఏ రోజువి ఆ రోజే నాకు పంపాలి.

మాజీ అధ్యక్షులు: రెండవది మాది.

కార్యదర్శి: మిగిలిన రెండు వేలకు మా అక్కగారు, బావగారు ముందుకొచ్చారు. గ్రంథాలయంలో నూనెదీపాలు ఒప్పుకోరు, తెర వెనుక బల్బు పెడదాం.

సాంస్కృతిక కార్యదర్శి: తెరకు రెండు తెల్ల పంచెలు కలిపి కుట్టాలి. బొమ్మలను తెరకు గుచ్చే ముళ్లు వారే తెచ్చుకుంటారు. యుద్ధఘట్టంలో కాళ్లతో తొక్కి చప్పుడు చేయడానికి చెక్కపలకలు కావాలి.

మాజీ అధ్యక్షులు: మా గ్యారేజీలో దేవదారు పలకలు రెండున్నాయి. శనివారం ఉదయం తెస్తాను, పంచెలు ఉన్నవారు అప్పటికి ఉతికి ఉంచండి.