సైకిల్స్ రెండర్ మధ్యలో కరెంటు పోయింది, ఎంపీ4 ఓపెన్ కావట్లేదు

ప్రశ్న:
3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ 4.2లో, దాని సైకిల్స్ రెండర్ ఇంజన్‌తో 40 సెకన్ల యానిమేషన్ రెండర్ చేస్తున్నాను (అంటే సీన్‌ను ఫ్రేము ఫ్రేముగా బొమ్మలు చేయించడం). సెకనుకు 24 ఫ్రేములు, మొత్తం 960 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకు నిమిషంన్నర పడుతోంది. అవుట్‌పుట్ నేరుగా ఎంపీ4 పెట్టాను. 600 ఫ్రేములు దాటాక కరెంటు పోయింది. ఫైలు సైజు కనిపిస్తోంది కానీ ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోవట్లేదు. ఉన్నంతవరకైనా బయటికి తీయొచ్చా అండీ?

జవాబు:
కష్టమేనండీ. ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచిక ఎంపీ4లో మామూలుగా చివర్లో, రెండర్ పూర్తయ్యాకే బ్లెండర్ రాస్తుంది. అది లేకపోతే లోపల డేటా ఉన్నా ప్లేయర్‌కు దొరకదు. అవే సెట్టింగులతో చిన్న ఎంపీ4 ఒకటి రెండర్ చేసి, దాన్ని నమూనాగా ఇచ్చి, పాడైన వీడియోలను బాగుచేసే అన్‌ట్రంక్ టూల్‌తో ప్రయత్నించొచ్చు, గ్యారంటీ మాత్రం లేదు.

960 ఫ్రేములంటే మీ లెక్కన సరిగ్గా 24 గంటల పని. అంత పనిని ఎప్పుడూ ఒక్క వీడియో ఫైలుకు అప్పగించకండి. అవుట్‌పుట్‌లో పీఎన్‌జీ (ఒక్కో ఫ్రేముకు ఒక్కో బొమ్మ ఫైలు) ఎంచుకుని, ఖాళీ ఫోల్డర్ ఇచ్చి, ఓవర్‌రైట్ టిక్ తీసేయండి. కరెంటు పోతే మళ్లీ రెండర్ యానిమేషన్ నొక్కితే చాలు, ఉన్న ఫ్రేములు వదిలేసి మిగతావే చేస్తుంది. అయితే ముందు ఫోల్డర్‌లో చివరి ఫైలు తెరిచి చూడండి. సగం రాసిన ఫైలైనా బ్లెండర్ దాన్ని పూర్తయినట్టే లెక్కేస్తుంది, అందుకే డిలీట్ చేయాలి. ప్లేస్‌హోల్డర్స్ (ఫ్రేము మొదలవగానే దాని పేరుతో ఖాళీ ఫైలు పెట్టే ఆప్షన్) ఒక్క మెషీన్‌కు అక్కర్లేదు. రెండు మూడు సిస్టమ్‌లు ఒకే ఫోల్డర్‌లోకి రెండర్ చేసేటప్పుడే దాని అవసరం.

ప్రశ్న అడిగినవారు:
పీఎన్‌జీలు వస్తున్నాయి, థాంక్స్ అండీ. కొన్నింటిని బ్లెండర్ వీడియో సీక్వెన్సర్‌లో (ఫ్రేములను వీడియోగా కూర్చే ఎడిటర్) పెట్టి చూస్తే రంగులు వెలిసిపోయినట్టున్నాయి. విడిగా తెరిస్తే బాగానే ఉన్నాయి.

మరో జవాబు:
ఏజీఎక్స్ అనే వ్యూ ట్రాన్స్‌ఫామ్ (రెండర్ రంగులను స్క్రీన్‌కు తగ్గట్టు మార్చేది) రెండుసార్లు పడుతోంది. పీఎన్‌జీ సేవ్ అయ్యేటప్పుడే వ్యూ ట్రాన్స్‌ఫామ్ అందులో కలిసిపోతుంది. సీక్వెన్సర్ ఉన్న ఫైలులో కలర్ మేనేజ్‌మెంట్‌కు వెళ్లి వ్యూ ట్రాన్స్‌ఫామ్ స్టాండర్డ్ పెట్టండి. పీఎన్‌జీ బదులు ఈఎక్స్‌ఆర్ అనే బొమ్మ ఫార్మాట్ అయితే దీనికి తలకిందులు: అందులో ట్రాన్స్‌ఫామ్ ఉండదు కాబట్టి ఏజీఎక్స్ చివర్లోనే వేయాలి. రంగులు తర్వాత దిద్దుకునే ఉద్దేశం ఉంటే ఈఎక్స్‌ఆరే మంచిది.

చివరి ఎన్‌కోడింగ్‌కు (ఫ్రేములన్నీ ఒక్క వీడియోగా మార్చడానికి) అవుట్‌పుట్‌లో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వీడియో, కంటెయినర్ ఎంపెగ్-4, కోడెక్ హెచ్.264. క్వాలిటీ మీడియంలో ఉంటుంది, హై చేయండి. సౌండ్ ఉంటే ఆడియో కోడెక్ ఏఏసీ పెట్టాలి. మొదట అక్కడ నో ఆడియో అనే ఉంటుంది, చాలామందికి మూగ వీడియో వచ్చేది అందుకే. ఎండ్ ఫ్రేమ్ 960కి మార్చారో లేదో కూడా చూసుకోండి, లేకపోతే 250 దగ్గరే ఆగిపోతుంది.

ఇంకో జవాబు:
ఫ్రేముకు పట్టే ఆ నిమిషంన్నరను తగ్గించుకోవచ్చు. శాంపిల్స్ (ఒక్కో పిక్సెల్‌కు కాంతిని ఎన్నిసార్లు లెక్కించాలో చెప్పే సంఖ్య) 4096 అలాగే వదిలేసి ఉంటే 256కి దించి, నాయిస్ థ్రెషోల్డ్ (ఎంత గరుకు మిగిలితే లెక్క ఆపాలో చెప్పేది) 0.01 నుంచి 0.03 చేసి, మిగిలిన గరుకు తుడిచే డీనాయిస్ వేయండి. ఒక్క ఫ్రేము చూసి నిర్ణయించొద్దు. డీనాయిసర్ ఏ ఫ్రేముకు ఆ ఫ్రేమే విడిగా శుభ్రం చేస్తుంది. విడిగా నున్నగా కనిపించే గోడలు ప్లే చేస్తే మచ్చలుగా కదులుతాయి. వరుసగా 20 ఫ్రేములు రెండర్ చేసి ప్లే చేయండి. నీడల్లో కదలిక కనిపిస్తే శాంపిల్స్ రెట్టింపు చేయండి.

కెమెరా మాత్రమే కదిలే షాట్ అయితే పర్సిస్టెంట్ డేటా ఆన్ చేయండి. ప్రతి ఫ్రేముకూ సీన్ మొత్తం మళ్లీ లోడ్ చేసే సమయం మిగులుతుంది, కాకపోతే మెమరీ ఎక్కువ తింటుంది. గ్రాఫిక్స్ కార్డులో 6 జీబీయే ఉంటే ముందు ఒకటి రెండు ఫ్రేములతో పరీక్షించాకే రాత్రికి వదలండి.