అప్‌డేట్: మార్పంటే పడని నేను, కుదురుగా ఉండలేని మా ఆయన

ఇల్లు మారదామని మా ఆయన, వద్దని నేను. ఇద్దరి స్వభావాలూ ఇంత ఎడమొహం పెడమొహంగా ఉంటే ఎలా అని అడిగాను కదా. జవాబిచ్చిన వాళ్లందరికీ థ్యాంక్స్.

మార్పును మనం ఎంత ఎదిరిస్తామో కొలవడానికి సైకాలజిస్ట్ షౌల్ ఓరెగ్ 2003లో ఇచ్చిన స్కేలు చూడమన్నారు ఒకరు. మార్పును ఎదిరించడంలో నాలుగు పాయలున్నాయి: రొటీన్ మీద ఇష్టం, మార్పనగానే ఒత్తిడి, ఎదురుగా ఉన్న ఇబ్బందే కనబడటం, పట్టిన అభిప్రాయం వదలకపోవడం. నావి మొదటి రెండూ. నాలుగోది అచ్చంగా ఆయనదే! పారాగ్లైడింగ్‌కి సై అంటారు, వాదనలో మాత్రం అంగుళం కదలరు. కొత్త అనుభవాల కోసం మనిషి ఎంత తహతహలాడతాడో కొలిచిన సైకాలజిస్ట్ జుకర్‌మన్ లెక్కలోనూ సాహసం వేరు, తొందరగా బోర్ కొట్టడం వేరు. ఈయనకు రెండూ ఉన్నాయి లెండి.

ముందుగా చెప్పి, వంటగది సర్దడం నాకే వదిలేస్తే ఇల్లు మారతానన్నాను. సరేనన్నారు. తేదీ ఇంకా తేలలేదు.